తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పుస్తకాలుండే గదికి మనవాళ్ళు పెట్టిన పాత పేరు భాండాగారం. భాండాగారమంటే సరుకు దాచే కొట్టు. ధాన్యానికి గాదె, నగలకు ఇనప్పెట్టె, పుస్తకాలకు భాండాగారం. పేరులోనే తాళంకప్ప వేలాడుతోంది చూడండి! తరవాత్తరవాత గ్రంథాలయం అన్నారు. పేరు చల్లగానే ఉంది గాని, ఆలయం అనేసరికి మనకు కొన్ని అలవాట్లు వచ్చేస్తాయి. గట్టిగా మాట్లాడకూడదు, ఏదీ ముట్టుకోకూడదు, పూజారిగారు వచ్చి తలుపు తీసేదాకా గుమ్మం బయటే నిలబడాలి. ఇప్పుడు బడులకు మూడో పేరొచ్చింది. ఫ్లెక్సిబుల్ లెర్నింగ్ స్పేస్‌ట. తెలుగులో ఏమనాలో నాకు ఒక పట్టాన తోచలేదు. ఎటు కావాలంటే అటు మలుచుకునే చదువుల చోటు అనుకుందాం, కాస్త పొడుగైనా.

ఒకే గదిలో ఒక మూల ఒక పిల్ల ఒంటరిగా చదువుకుంటుంది, ఇంకో మూల నలుగురు కూర్చుని ఏదో మాట్లాడుకుంటూ రాసుకుంటారు, మధ్యాహ్నం బల్లలన్నీ పక్కకు జరిపి అందరూ కింద కూర్చుని కథ వింటారు. సూక్ష్మంగా ఇదీ సంగతి. దీన్ని పైదేశాల నుంచి దిగుమతైన కొత్త వింతలాగా చెబుతూంటే నాకు నవ్వొస్తుంది. మన తెలుగుదేశంలో గ్రంథాలయాలు పుట్టిందే అలా పుట్టాయి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. దానికప్పుడు భవనమేమీ లేదు. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లోనే మొదలుపెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు, ఇంకొందరు పెద్దలు వెనక నిలబడ్డారు. ఇంట్లో గ్రంథాలయం అంటే ఏమిటో మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? వచ్చేవాళ్ళెవరో, పోయేవాళ్ళెవరో, ఏ పూట ఎంతమందికి మంచినీళ్ళివ్వాలో, పొద్దుపోయాక దీపం ఎవరు మలపాలో! ఆ లెక్కలు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఎక్కవు. ఒక్కటి మాత్రం ఎక్కింది. రంగారావుగారు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు భాషానిలయానికి సొంత ఇల్లు ఏర్పడటం కోసం విరాళమిచ్చారు. భర్త పెట్టిన సంస్థ వీధిన పడకుండా నిలబెట్టిన ఆవిడను గురించి మనం ఇంకా పెద్ద పెద్ద వ్యాసాలు చదివి ఉండాల్సింది.

నిజాం రాజ్యంలో పైచదువంతా ఉర్దూలోనే. తెలుగు చదవాలంటే, తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే చోటు కావాలి. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి పుచ్చుకోవాల్సిన రోజులవి. 1921లో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆడవాళ్ళ చదువు కోసం జన్మంతా పాటుబడ్డ కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెట్టుకున్న పనుల్లో ముందు వరసలోనివి గ్రంథాలయాలు, పఠనాలయాలు, పాఠశాలలు. ఊళ్ళో ఒక అరుగు దొరికితే చాలు, పత్రిక వేసేవారు. చదువొచ్చినవాడు పైకి చదివితే రానివాళ్ళు చుట్టూ చేరి వినేవారు. అదే అరుగు మీద రాత్రిపూట అక్షరాలు దిద్దించేవారు. అదొక గ్రంథాలయమా, బడా, సభాస్థలమా అని అడిగితే వాళ్ళు ఏం చెప్పి ఉండేవారో! మూడూ అదే మరి.

కోస్తాలో ఇంకా చిత్రం. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవెక్కించారు. కృష్ణ కాలువ మీద పెదపాలెం నుంచి కొల్లూరుదాకా ఆ పడవ గ్రంథాలయం తిరిగేది. ఊరు పుస్తకం దగ్గరకు రాకపోతే పుస్తకమే ఊరి రేవుకు వచ్చేది. గది అనే మాటే లేదక్కడ! ఇవతల తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామిగారికి పడవ కూడా లేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను వేసిన పుస్తకాలను భుజాన మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. హోటల్లో పనిచేసి, వంట చేసి చదువు సంపాదించుకున్న మనిషాయన. పుస్తకం ఎవరి చేతికి అందదో ఆయనకు తెలుసు.

ఈ మధ్య నారాయణఖేడ్ వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఇదంతా బస్సులో మనసులో తిరుగుతూనే ఉంది. హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట దాటి నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. జోగిపేట రాగానే నేను కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. 1930 మార్చిలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించారు. దాంతోపాటే ఆడవాళ్ళకు విడిగా సభ పెట్టారు. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. అక్కడ సుందరమ్మగారు నిలబడి మాట్లాడిన చోటేదో నాకు చూపించేవాళ్ళెవరూ లేకపోయారు. కండక్టరు మాత్రం "తల లోపట పెట్టుకో అమ్మా" అని కోప్పడ్డాడు.

ఖేడ్‌లో (అక్కడ పేరంతా పలకరు, ఖేడ్ అంటే చాలు) మా పిన్నికూతురు ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు టీచరు. "అక్కా, నువ్వు నవలలు రాస్తవు గదా! మా బడి లైబ్రరీని మొత్తం మారుస్తమంటున్నరు. ఒక్కసారొచ్చి చూసి పో రాదు" అని మూడుసార్లు ఫోను చేసింది. ఆ బడిలో చదివి పట్నంలో స్థిరపడ్డవాళ్ళు కొందరు డబ్బు పోగుచేశారట. ఎవరిచేతో రంగుల బొమ్మ కూడా గీయించి పంపారు. అర్ధచంద్రాకారపు బల్లలు, చక్రాలున్న అరలు, లోపల ఏదో నింపి కుట్టిన మెత్తటి సంచులు, వాటి మీద చేరగిలబడి చదువుకుంటున్న పిల్లలు. నిజంగానే చూడముచ్చటగా ఉంది బొమ్మ.

గదిలోకి వెళ్ళి చూద్దును గదా, మూడు ఇనప బీరువాలు, రెండు చెక్క బీరువాలు, ఐదింటికీ తాళాలు. మధ్యలో విరిగిన బెంచీలు, పోయిన ఏడాది ఎన్నికలకు వాడిన అట్టపెట్టెలు. కిటికీలకు కోతుల భయానికి వల కొట్టారు. పిల్లలెప్పుడొస్తారు అని అడిగాను.

"వారానికి ఒక పీరియడ్ ఉన్నది గానీ, లెక్కల సారు సిలబస్ కాలేదని తీస్కుంటడు."

"మరి నువ్వెందుకు పోట్లాడవూ?"

మా చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తరవాత బీరువాలోంచి ఒక పెద్ద రిజిస్టరు తీసి నా ముందు పెట్టింది. పదకొండు వందల చిల్లర పుస్తకాలు. ప్రతిదానికీ నంబరు, ధర, వచ్చిన తేదీ. చివర ఇన్‌చార్జి సంతకం.

"నాకంటె ముందున్న సారు దగ్గరికెళ్ళి నేను సంతకం పెట్టి తీస్కున్న అక్కా. ఆయన రిటైరయ్యేటప్పుడు లెక్క సరిపోక సొంతంగ డబ్బులు కట్టిండు. గుండ్రటి బల్లలు మంచిగనే ఉంటయి. అరలు తెరిచి పెట్టి, పిల్లలు తీస్కపోయిన పుస్తకం రాకుంటే? నా పేరు మీద ఉన్నయి గదా అన్నీ."

నేనింత దూరం వచ్చింది బల్లల ఆకారం గురించి మాట్లాడటానికి. సమస్య బల్లల్లో లేదు. రిజిస్టరులో ఉంది. పిల్ల చదవకపోతే ఎవరూ టీచరును సంజాయిషీ అడగరు. పుస్తకం పోతే అడుగుతారు. ఇంక ఏ బుద్ధిమంతురాలైనా ఏం చేస్తుంది? బీరువాకు తాళం వేస్తుంది. ఆ స్థానంలో నేనున్నా అదే చేద్దును.

ఈ భయం మన ఒక్కళ్ళదే అనుకోకండి. ఇంగ్లండులో హెర్ఫర్డ్ అనే ఊరి చర్చిలో పాతకాలపు పుస్తకాలు ఇప్పటికీ గొలుసులతో అరలకు కట్టే ఉన్నాయి. చదవదల్చినవాళ్ళు అక్కడే బల్ల ముందు కూర్చుని, గొలుసు అందినంత మేర పుస్తకం తెరుచుకునేవారు. పశువును రాటకు కట్టినట్టు! గొలుసులు పోయాక అడ్డుబల్లలొచ్చాయి. 19వ శతాబ్దం చివరిదాకా అక్కడి ప్రజా గ్రంథాలయాల్లో పాఠకుడు పుస్తకాన్ని కళ్ళతో చూడటానికే వీల్లేదు. ఒక పెద్ద పలక మీద నంబర్లుండేవి. నీకు కావలసిన నంబరు పక్కన రంగు చూసి పుస్తకం లోపలుందో, బయటకు పోయిందో తెలుసుకుని, నంబరు చెబితే గుమాస్తా తెచ్చిచ్చేవాడు. చీర చూడకుండా నంబరు చెప్పి కొనుక్కోమంటే మనం కొంటామా? 1894లో లండనులో క్లర్కెన్‌వెల్ అనే పేటలో జేమ్స్ డఫ్ బ్రౌన్ అనే ఆయన అడ్డు తీసేసి, జనాన్ని అరల మధ్యకు రానిచ్చాడు. తోటి లైబ్రేరియన్లు ఆయన మీద విరుచుకుపడ్డారు. పుస్తకాలన్నీ దొంగలపాలవుతాయన్నారు. ఆ గ్రంథాలయం ఏమీ ఖాళీ అయిపోలేదు. మెల్లిగా దేశమంతా అదే దారి పట్టింది.

ఆ దారిని మన వైపుకు తెచ్చిన ఘనత రంగనాథన్‌గారిది. లెక్కల మాస్టారాయన. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం వారు లైబ్రేరియన్‌గా వేస్తే, మొదట్లో పనేమీ తోచక మళ్ళీ క్లాసుకే పోతానన్నారట. లండను వెళ్ళి చూసొచ్చాక ఇంక ఆయన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. మద్రాసులో బీరువాలు తెరిపించి చదువరులను అరల దగ్గరకే పంపారు. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. పుస్తకాలున్నది వాడటానికి అనేది మొదటిది. దాని కింద ఆయన ఎంత చిన్న సంగతిదాకా వెళ్ళారంటే, మామూలు ఎత్తు మనిషి నేల మీద నిలబడి చెయ్యి చాస్తే అందనంత ఎత్తులో అర ఉండకూడదన్నారు. రెండో సూత్రం, ప్రతి చదువరికీ తన పుస్తకం. దాని కింద మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళకూ, పట్నంవాళ్ళతోపాటు పల్లెవాళ్ళకూ పుస్తకం అందాలని విడివిడిగా వాదించారు. ఖేడ్ బడిలో ఆరో తరగతి పిల్లకు అందే ఎత్తు ఎంతో కొలిచి చూశాం. ఆ ఇనప బీరువాల్లో పై రెండు అరలూ వాళ్ళకు లేనట్టే. పిల్లల కథల పుస్తకాలన్నీ పై అరలోనే ఉన్నాయి మరి, బరువు తక్కువని!

బడుల సంగతి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే ఒక పెద్ద సంఘం పట్టించుకుంది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్‌గారి అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ దేశంలో బడులన్నీ చూసింది. చాలా బడుల్లో గ్రంథాలయం అని చెప్పుకోదగ్గదే లేదంది. పాతబడి, పిల్లలకు పనికిరాని పుస్తకాలు, కళ లేని ఇరుకు గది, వాటిని చూసుకోవడానికి ఒక గుమాస్తానో, ఇష్టం లేని టీచరో. ఇదీ వాళ్ళు చూసిన దృశ్యం. అంతటితో ఆగలేదు. గ్రంథాలయం బడిలోకల్లా ఆకర్షణీయమైన చోటుగా ఉండాలనీ, వెలుతురు రావాలనీ, పువ్వులు పెట్టాలనీ, గోడలకు మంచి బొమ్మలుండాలనీ, అరలు తెరిచే ఉంచి పిల్లలను తిరగనివ్వాలనీ, గది అలంకరణలో పిల్లల సలహా కూడా తీసుకోవాలనీ రాశారు. డెబ్బయ్యేళ్ళు దాటిపోయిన నివేదిక అది. పట్నం నుంచి వచ్చిన ఆ రంగుల బొమ్మను దాని పక్కన పెడితే కొత్తగా కనబడేవి చక్రాలూ, మెత్తటి సంచులూను.

కమిషన్ నివేదిక వచ్చిన నాటికి ఖేడ్ మన వైపు లేదు. 1956దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోది. రాష్ట్రాలు విడదీసినప్పుడు బీదరు కర్ణాటకకు పోయింది, ఖేడ్ మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మనుషులు కదలకుండా జిల్లాలే వాళ్ళ మీదుగా ప్రయాణం చేశాయి. అందుకే ఆ ఊరి సంతలో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ ఒకే బేరంలో వినిపిస్తాయి. చుట్టుపక్కల తండాలనుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ భాష మాట్లాడతారు. మరి ఆ ఐదు బీరువాల్లో ఏమున్నాయి? తెలుగు, ఇంగ్లీషు. అంతే. నాలుగు భాషలు చెవిన పడుతూ పెరిగే పిల్లలకు రెండింటి అరలే ఉన్నాయి. మా చెల్లెలిని అడిగితే, "లంబాడి భాషల పుస్తకాలు ఎవరమ్ముతరక్కా?" అంది. అమ్మేవాళ్ళు దొరక్కపోతే పిల్లలే రాయొచ్చుగా! అమ్మమ్మ చెప్పిన కథను తెలుగు అక్షరాల్లో వాళ్ళ మాటల్లోనే రాసి, బొమ్మలేసి, దారంతో కుట్టి అరలో పెడితే అది పుస్తకం కాదా? గుజరాత్‌లో గిజుభాయిగారు ఎప్పుడో 1930లలో తన పుస్తకంలో ఇలాంటి దారులే చూపించారు. తెలుగులో 'పగటికల' పేరుతో వచ్చింది. అందులో మాస్టారు, పాఠ్యపుస్తకాలు కొనుక్కునే డబ్బు అందరి దగ్గరా పోగుచేసి తరగతికంతటికీ ఒక గ్రంథాలయం పెట్టేస్తాడు. ఇవాళ మన బళ్ళలో ఏ మాస్టారైనా అలా చేస్తే తల్లిదండ్రులు ఊరుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గోడలు తీసేస్తే చాలు చదువు వికసిస్తుందనుకున్నవాళ్ళు లోకంలో ఉన్నారు. 1960లలో, 70లలో ఇంగ్లండులో, అమెరికాలో తరగతులకు గోడల్లేని బడులు విరివిగా కట్టారు. పెద్ద హాలు, అందులో అన్ని తరగతులూ. చూడటానికి ఉత్సాహంగా ఉండేది. కాని ఒకళ్ళు పద్యం చదువుతుంటే పక్కవాళ్ళకు లెక్క తప్పేది. గోల భరించలేక టీచర్లు బీరువాలనూ, పుస్తకాల అరలనూ లాక్కొచ్చి అడ్డం పెట్టుకున్నారు. కొన్నేళ్ళకు చాలాచోట్ల మళ్ళీ గోడలే కట్టారు. టీచరును అడక్కుండా గీసిన బొమ్మకు అదే గతి. పుస్తకాల అర గోడగా మారిందంటే, పాపం, దానికంటే అవమానం ఏముంది!

అందుకని నేను మా చెల్లెలితో, "ఆ బొమ్మ నీ దగ్గరే పెట్టుకో, ముందు నేల చూడు" అన్నాను. ఆ గదికి షాబాద్ బండలు పరిచారు. పాతబడి సందులు తేలాయి. ఆ సందుల్లో చక్రం పడిందంటే నిండుగా ఉన్న అర ఒక్క అంగుళం కదలదు, గట్టిగా తోస్తే పిల్లల మీదే పడుతుంది. వడ్రంగిని పిలిచి అడిగితే అతనూ అదే అన్నాడు. "చక్రాలొద్దమ్మా. నడుమెత్తు అరలు చేసిస్త. గోడకు బిగించుకుంటె పడవు. నడిమధ్యల ఖాళీ ఉంచుండ్రి" అన్నాడు. మధ్యలో ఖాళీ! ఎటు కావాలంటే అటు మలుచుకోవడానికి అంతకంటే ఏం కావాలి? మన ఇళ్ళలో పెళ్ళికీ, పురాణానికీ, పేరంటానికీ, పిల్లల పడకకూ ఒకే హాలు సరిపోయేది, మధ్యలో సామాను లేదు గనుక. మెత్తటి సంచి ఒకటి కొనే ధరకు జంపఖానాలు ఎన్నొస్తాయో లెక్క వేయమన్నాను. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పరిస్తే ఆసనం, దులిపి చుడితే మూలకు ఒదుగుతుంది, ఉతుక్కోవచ్చు. సంచి చిరిగితే లోపలి గుండ్లు ఊడ్చుకోవడానికి ఒక మనిషి కావాలి.

గది సంగతి తేలికే. మలుచుకోవలసింది గంటలు. అక్కడి ఆడపిల్లల్లో సగంమంది చుట్టుపక్కల పల్లెలనుంచీ, తండాలనుంచీ వచ్చేవాళ్ళు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమే గాని, బస్సు దాని వేళకే వస్తుంది, దాని వేళకే పోతుంది. బడి వదిలాక గంటసేపు లైబ్రరీ తెరుస్తామంటే అది ఊళ్ళో ఉన్న మగపిల్లలకు తెరిచినట్టే. ఆడపిల్లకు బస్సు పోతుంది, పోకపోయినా ఇంట్లో అంట్లూ, తమ్ముడూ ఎదురుచూస్తూంటారు. కనక ఉన్న సమయమంతా మధ్యాహ్నం అన్నం తిన్న తరవాత మిగిలే కాసేపూ, ఆ లెక్కల సారు పట్టుకుపోయే పీరియడూను. దాని కోసం పోట్లాడాల్సిందే అన్నాను. చెరకు కోత కాలంలో తల్లిదండ్రులతో వలస పోయే పిల్లల విషయం ఇంకా కష్టం. నెలల తరబడి బడికి రారు. వాళ్ళ చేతికి నాలుగు పుస్తకాలిచ్చి పంపమంటే మా చెల్లెలి ముఖంలో మళ్ళీ ఆ రిజిస్టరు కనబడింది.

రిజిస్టరుకు మందు ఉందా? ఉంది. కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల కోసం 2017లో సవరించుకున్న ఆర్థిక నియమావళిలో గ్రంథాలయాలకు ఒక వెసులుబాటు రాసుకుంది. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడం సహజమేననీ, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే సరిపెట్టుకోవచ్చుననీ. వెయ్యి రూపాయలకు పైబడ్డ పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారించాలి. ఈ లెక్కలో ఉన్న గడుసుదనం చూడండి. ఎంత ఎక్కువ చదివిస్తే అన్ని పోవడానికి అనుమతి. రెండు వేలసార్లు పుస్తకం చేతులు మారితే పదింటిని మరిచిపోవచ్చు. ఎవరికీ ఇవ్వకుండా తాళం వేసి కూర్చుంటే ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు! ఇది రాష్ట్రపు బడులకు నేరుగా వర్తించేది కాదు. అయినా హెడ్మాస్టరుగారి ముందు పెట్టడానికి ఒక ఆధారం. చెదలు తిన్నవాటిని లెక్కలోంచి కొట్టేయడానికి కాగితం ఉన్నప్పుడు, పిల్లలు తిన్నవాటికి ఎందుకుండకూడదు?

డబ్బుల విషయం మాత్రం మరీ దిగులుపుట్టిస్తుంది. మనందరం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, బడి బీరువాకు కాదు. బడులకు సమగ్ర శిక్ష కింద 2018 నుంచి ఏడాదికి ఐదు వేలనుంచి ఇరవై వేల రూపాయలదాకా పుస్తకాల గ్రాంటు ఉంది. 2022లో మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున మొదలుపెట్టిన 'మన ఊరు మన బడి'లో 12 పనులు చెప్పారు. మరుగుదొడ్లు, కరెంటు, మంచినీళ్ళు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ప్రహరీ, వంటగది, ఇలా. అన్నీ కావలసినవే. మరుగుదొడ్డి లేక బడి మానేసే ఆడపిల్ల సంగతి నాకు తెలియంది కాదు. ఆ పన్నెండింటిలో గ్రంథాలయమనే మాట మాత్రం లేదు.

ఖేడ్ హెడ్మాస్టరుగారు సాత్వికుడు. అంతా విని, "మేడం, మీరు చెప్పింది బాగున్నది. సంచులు వద్దు, జంపఖానాలే తెప్పిద్దాం. దాతలను నేను సముదాయిస్త" అన్నారు. నడుమెత్తు అరలకు వడ్రంగికి బయానా ఇచ్చారు. మరాఠీ, కన్నడ పుస్తకాలు కొన్ని బీదరు నుంచి తెప్పిస్తామని ఆ ఊరి షాపాయన ఒకడు మాటిచ్చాడు. కొత్త రిజిస్టరులో మా చెల్లెలు ఒక గడి అదనంగా గీసింది, వాడకంలో పోయినవి అని. ఆ గడి కింద ఏడాది చివర సంతకం పెట్టవలసింది తనా, హెడ్మాస్టరుగారా అన్నది, నేను బస్సెక్కే వేళకు ఇంకా తేలలేదు.